గువ్వలు దిగాయని చెప్పాను

ఆ మధ్య మా వీధి చివరి గ్రంథాలయంలో పక్షుల పుస్తకం ఒకటి చేతికొచ్చింది. బొమ్మలు చూస్తూ తిప్పుతుంటే ఒక పేజీ దగ్గర చెయ్యి ఆగింది. తుప్పురంగు వీపు మీద పొలుసుల్లాంటి గీతలు, మెడకు రెండు పక్కలా నలుపూ నీలమూ కలిసిన చారలు, మన ఊరి గువ్వకంటే కాస్త పెద్ద ఒళ్ళు. కింద ఒక పటం. హిమాలయాల నుంచి సైబీరియా దాకా అవి వేసవిలో గూళ్ళు కట్టే చోట్లకు ఒక రంగు, చలికాలంలో దిగి వచ్చే చోట్లకు ఇంకో రంగు. ఆ రెండో రంగు మన వైపు కూడా పరుచుకుని ఉంది. పక్కన రెండు ముక్కలు: విస్తారంగా ఉంది, ఇప్పటికి ప్రమాదమేమీ లేదు.

రాసినవాళ్ళు తెలిసే రాసి ఉంటారు. భూమి మొత్తం మీద లెక్కిస్తే అది నిజమే కావచ్చు. అయినా 'విస్తారంగా' అన్న మాట ఎక్కడ కనపడినా నా తల దించుకుపోతుంది. చేను మొహం చూడకుండా ఆ మాటను మూడేళ్ళు రాసినవాణ్ణి నేను.

యాభైల చివర్లో నాకు గ్రామసేవకుడి ఉద్యోగం వచ్చింది. అప్పటికి ఒంగోలు గుంటూరు జిల్లాలోనే ఉండేది. సింగరాయకొండ నుంచి పడమరగా బస్సులో గంటన్నర పోతే వచ్చే నల్లరేగడి ఊళ్ళు ఎనిమిది నా కింద ఉండేవి. మిరప, పత్తి, పొగాకు, మధ్యమధ్య జొన్న. సైకిల్ మీద ఊరూరా తిరిగి కొత్త విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు రైతులకు అలవాటు చెయ్యడం నా పని. ఇరవై మూడేళ్ళ వయసు. ప్యాంటు వేసుకుని చేలోకి దిగేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నాకు తెలియంది లేదనుకునేవాణ్ణి.

నేను గది తీసుకున్న ఊళ్ళో ఒక పెద్ద రైతు ఉండేవాడు. పెద్ద అంటే వయసులో. పొలం నాలుగెకరాలే. నేను ఆయన్ని పెద్దయ్యా అని, ఆయన భార్యను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి, ఆయన నన్ను అబ్బాయ్ అనేవాడు. ఆయన మిరపచేను చుట్టూ గట్టు వెంబడి నాలుగు సాళ్ళ జొన్న వేసేవాడు. ఆ పని అందరూ చేసేదే, పశువులు లోపలికి దిగకుండా. కంకులు కోసేటప్పుడు మాత్రం తూర్పు గట్టు మీద రెండు సాళ్ళు కొయ్యకుండా వదిలేసేవాడు. అడిగితే "అవి గువ్వల సాళ్ళు" అన్నాడు.

కార్తీకం దాటాక, తుఫాన్లు సద్దుమణిగాక, ఈ గువ్వలు దిగేవి. వాటికి ఆ వైపు వేరే పేరు లేదు, చలికాలపు గువ్వలు అనేవాళ్ళు. శివరాత్రి వెళ్ళాక ఒకరోజు చూస్తే ఉండేవి కావు. పెద్దయ్య వాటిని ఊరికే పోషించేవాడు కాదు. తొలికోత మిరపకాయలు కుప్ప పోసి, పైన తాటాకు చాపలు కప్పి, గువ్వల కోసం చూసేవాడు. గువ్వలు గుంపుగా దిగి కళ్ళంలో రోజంతా నేల మీద నిశ్చింతగా మేస్తే ఇక వాన లేనట్టు. అప్పుడు చాపలు తీసి కాయలు ఆరబోసేవాడు. ఆయన తండ్రీ అట్లాగే చేసేవాడట. అది ఎంతవరకు నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన కాయ మాత్రం నేను ఆ ఊరు వచ్చేదాకా ఎప్పుడూ తడవలేదు.

నేను వచ్చిన మొదటి చలికాలంలో పైనుంచి ఒక ఫారం వచ్చింది. పంటలను తినే పక్షుల పేర్లు, ఏయే ఊళ్ళలో కనపడుతున్నాయి, ఏ మేరకు ఉన్నాయి: విస్తారం, మధ్యస్థం, అరుదు. నాకు పక్షులు తెలియవు కనక పెద్దయ్యను వెంటబెట్టుకుని ఎనిమిది ఊళ్ళూ తిరిగాను. ప్రతి ఊళ్ళోనూ ఆ గువ్వలున్నాయి. చేతులు చరిస్తే పొలం అంచు లేచి ఎగిరిపోతున్నట్టు లేచేవి.

"ఇవి ఎక్కణ్ణుంచి వస్తయ్యో తెలుసా అబ్బాయ్?" అన్నాడు గట్టు మీద చుట్ట వెలిగిస్తూ.

"మీరే చెప్పండి పెద్దయ్యా."

"నల్లమల నుంచి. ఆ అడవిలో చలికి ఓర్చుకోలేక కిందికి దిగుతయ్యి."

శిక్షణలో చదివింది గుర్తొచ్చి, కాదు, ఇవి హిమాలయాల అవతల నుంచి వస్తాయని చెప్పాను. ఆయన పడీపడీ నవ్వాడు.

"ఊరుకో! అంత దూరం నుంచి నా రెండు సాళ్ళ జొన్న కోసం వస్తయ్యా? ఒంగోలు నుంచి మా అల్లుడే రాడు."

ఆ ఏడు ఫారంలో విస్తారం అని రాశాను. ఊళ్ళ గడిలో ఎనిమిది పేర్లూ రాశాను. అది నిజం. అంత శ్రద్ధగా నింపినందుకు మా బ్లాకు ఆఫీసులో పై అధికారి నన్ను మెచ్చుకున్నాడు కూడా.

తరవాతి ఏడు నేను ఎండ్రిన్ అనే పురుగుమందు తెచ్చాను. పురుగు మీద అది పనిచేసిన తీరు చూస్తే ఎవరైనా నమ్మాల్సిందే. నేనే స్ప్రేయరు భుజాన వేసుకుని మొదటి చేలో కొట్టి చూపించాను. మిరప మీదా, పత్తి మీదా, జొన్నకు పేనుబంక పడితే దాని మీదా కొట్టమన్నాను. పెద్దయ్య గట్టు జొన్నకు నేనే కొట్టాను, కంకి గింజ పట్టాక. ఆయన వద్దనలేదు. నేను చదువుకున్నవాణ్ణి గదా.

గువ్వలు మామూలుగానే దిగాయి. నాలుగు రోజుల తరవాత ఆయన నన్ను పిలుచుకుపోయి ఆ రెండు సాళ్ళ మధ్య చూపించాడు. కొన్ని చచ్చి ఉన్నాయి. కొన్ని రెక్కలు నేలకు కొట్టుకుంటూ ఒకే చోట తిరుగుతున్నాయి. ఒకదాన్ని ఆయన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మెడ వాల్చేసింది.

"మందేనా అబ్బాయ్?"

"ఏదో రోగమై ఉంటుంది పెద్దయ్యా" అన్నాను. మందేనని నాకు తెలుసు. డబ్బా మీద పుర్రె బొమ్మ రోజూ చూస్తున్నవాణ్ణి. ఆయన గట్టు పక్కన గొయ్యి తీసి పూడ్చాడు. నేను పార పట్టుకుని నిలబడ్డాను, ఒక్క తట్ట మన్ను కూడా వెయ్యలేదు.

ఆ చలికాలం మళ్ళీ ఫారం వచ్చింది. కిందటేడు నకలు దగ్గర పెట్టుకుని చూసి రాశాను. గువ్వలు: ఎనిమిది ఊళ్ళు, విస్తారం. తిరగాలంటే వారం పడుతుంది, పైగా ఏమైపోయాయని ఎవరైనా అడిగితే చెప్పాల్సింది నేనే. కాగితం మీద అవి బతికి ఉంటే నన్నెవరూ అడగరు.

మూడో చలికాలం గువ్వలు రాలేదు. మందు వల్లేనా, దారిలో వలలు పన్నారా, ఎక్కడి అడవి కొట్టేశారో, ఒక్కదాని మీద నెపం వెయ్యడానికి నాకు చేతకాదు. ఎనిమిది ఊళ్ళలో గట్టు జొన్న మీద మందు కొట్టించింది మాత్రం నేను. పెద్దయ్య ఎదురుచూసి చూసి, ఊరంతా ఆరబోశాక ఆరబోశాడు. కుప్పలో అడుగున ఉన్న కాయ ఉడికి, రంగు పోయి, ధర పలకని తాలు అయింది. ఆ ఏడూ నేను నకలు చూసి విస్తారమనే రాశాను.

నాలుగో ఏడు వానాకాలంలో ఆయన రెండెడ్లలో ఒకటి జబ్బు చేసి పోయింది. ఒంటెద్దుతో రేగడి దున్నలేరు. ఇంకొకరి ఎద్దును అడుక్కుని జత కట్టి ఎట్లాగో ఆ పంట వరకు నెట్టుకొచ్చాడు. మిరప చేతికొస్తే ఎద్దును కొనాలి. తొలకరి నాటికి జత లేకపోతే నాలుగెకరాలూ ఎవరికో కౌలుకిచ్చి, అరవై దాటిన వయసులో తానూ పెద్దమ్మా కూలికి పోవాలి. ఇది ఊళ్ళో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

తొలికోత కోసి కుప్ప పోశాడు. గువ్వల జాడ లేదు. తూర్పున, సముద్రం వైపు, పలచగా మబ్బు పట్టి ఉంది. రెండ్రోజులు ఆగుదామని తక్కినవాళ్ళు కుప్పల మీద చాపలు తియ్యలేదు. కిందటేడు ఆగి కాయ ఉడకబెట్టుకున్నవాడు కనక పెద్దయ్యకు ఆగాలన్నా భయమే, ఆరబోయాలన్నా భయమే.

నేను అంతకుముందు రోజు ఏదో మీటింగుకు కనిగిరి వెళ్ళి వచ్చాను. పొద్దున్నే ఆ ఏటి ఫారం కూడా విస్తారమనే నింపి సంచిలో పెట్టుకుని, పంచాయతీ ఆఫీసులో ఇద్దామని సైకిల్ మీద పోతుంటే, కళ్ళంలో నుంచి పెద్దయ్య కేకేశాడు.

"అబ్బాయ్! కనిగిరి పోయొచ్చావంట గదా?"

"నిన్న సాయంత్రం వచ్చా పెద్దయ్యా."

"ఆ పక్క గువ్వలేమన్నా దిగినయ్యా? నువ్వు దారి పొడుగునా చూసే ఉంటావు."

బస్సులో కిటికీ పక్క సీటే దొరికింది. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా నిద్రపోయాను. ఆ మాట చెప్పొచ్చు. చూడలేదు అనడానికి ఒక్క క్షణం పడుతుంది. కానీ సంచిలో కాగితం ఉంది. దాని మీద నా సంతకం ఆరి ఇంకా గంట కాలేదు. పొద్దున్న రాసింది గంటలోనే కాదని నోటితో అనలేకపోయాను.

"దిగాయి పెద్దయ్యా. బోలెడు దిగాయి. చేలల్లో మేస్తున్నాయి."

ఆయన మొహం విప్పారింది. "ఏమేవ్! విన్నావా? కనిగిరి పక్క దిగినయ్యంట! రేపో మాపో మనకాడికొస్తయ్యి. తియ్యి చాపలు!"

పెద్దమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని తూర్పుకు చూసింది. "దిగితే దిగినయ్యి గానీ, ఆ మబ్బు చూశావా? నీ గువ్వలకేం, తడిస్తే రెక్కలు దులుపుకుంటయ్యి. మిరగాయ దులుపుకుంటదా?"

"నలభై ఏళ్ళ నుంచి చూస్తన్నా. నీ మాట కంటే వాటి మాటే నయం."

"అయితే వాటినే కట్టుకోకపోయావా? పొద్దున్నే నీకు సంగటి కెలికి పెట్టేయి!"

ఇద్దరూ నవ్వుకుంటూనే చాపలు తీశారు. నేనూ నవ్వి సైకిలెక్కాను.

మూడో రోజు మధ్యాహ్నం గాలి తిరిగింది. నేను ఇంకో ఊళ్ళో ఉన్నాను. వాన మొదలై రెండు రోజులు కురిసింది. తెరిపి ఇచ్చాక వచ్చి చూస్తే కళ్ళమంతా ఎర్రటి బురద. కాయ ఉబ్బి, తొడిమలు ఊడి, తొక్కితే పిసుక్కుపోతోంది. ఊళ్ళో తక్కిన కుప్పలన్నీ చాపల కింద భద్రంగా ఉన్నాయి. పాడైంది ఆయనదొక్కడిదే. పెద్దమ్మ చేటలోకి కాయలు ఏరుతోంది, ఏది ఏరాలో తెలియనట్టు. పెద్దయ్య నన్ను చూసి ఒక్క మాట తప్పుగా అనలేదు.

"గువ్వలకీ తప్పు పోతదబ్బా ఒకోసారి" అన్నాడు. "నువ్వేం చేస్తావు, చూసింది చెప్పావు."

తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఆ పూట అక్కడే నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. సెలవు పెట్టి ఇంటికి పోయాను.

మా ఊరు పిడుగురాళ్ల అవతల. మాకు మూడు జతల ఎడ్లు. ఒక ఎద్దు ఇమ్మని నాన్నను అడిగాను. ఎందుకో మొత్తం చెప్పాను. నాన్న గడ్డి వేస్తూ విన్నాడు.

"తోలుకుపో. అక్కడ ఏమని చెప్పి ఇస్తావు?"

"సాయంగా ఉంచుకోమంటాను."

"అంటే ఇంకో అబద్ధం కూడా ఎద్దుతో పాటు తోలుకుపోతావా?"

నాన్న పలుపు నా చేతికిచ్చాడు. ఆ ఎద్దును వారం రోజులు నడిపించుకుంటూ వచ్చాను. దారి పొడుగునా చేల వైపు చూస్తూనే ఉన్నాను. చూడ్డం అప్పుడు మొదలుపెట్టాను. ఊరి గువ్వలు కనపడ్డాయి. అవి మాత్రం ఒక్కటీ లేవు.

పెద్దయ్య ఇంటి ముందు ఎద్దును కట్టెయ్యకుండానే, పలుపు చేతిలో ఉండగానే చెప్పేశాను. కనిగిరి దారిలో నిద్రపోయానని, ఏమీ చూడలేదని, చచ్చిన గువ్వలు మందు తిని చచ్చాయని, ఫారాలు చూసి రాసిన నకళ్ళని.

ముందు పెద్దమ్మ అందుకుంది. "ఎంత పని చేశావయ్యా! కూడు తినేవాడివేనా? మేం నిన్ను ఇంట్లో పిలగాడిలాగా చూస్తిమి గదయ్యా!" వీధిలో వాళ్ళంతా గడపల్లోకి వచ్చారు. ఆమె అన్నది ఏదీ ఎక్కువ కాదు.

పెద్దయ్య అడిగింది మిరప గురించి కాదు.

"మరి కనిగిరి పక్క గువ్వలు లేవా?"

"నాకు తెలియదు పెద్దయ్యా. చూడలేదు."

"నా చేలోకి రాకపోయినా యాడో ఒకచోట ఉన్నయ్యిలే అనుకుంటన్నా ఇన్నాళ్ళు. ఆ యాడో కూడా నీ కాగితమేనా?"

నా జీవితంలో నన్ను ఎవరైనా అడిగిన ప్రశ్నల్లో దానంత బరువైనది ఇంకొకటి లేదు.

ఎద్దును ఆయన అప్పుడే ముట్టుకోలేదు. రెండు రోజులు నా గది ముందే కట్టేసి ఉంది. మూడో రోజు వచ్చి దాని మూపురం తడిమి, "ఇది కాడికి కుడివైపు నడిచే ఎద్దు. నాకు పోయింది ఎడమవైపుది" అన్నాడు.

"నేర్పుకుందాం పెద్దయ్యా."

"నేర్పుకుందాం కాదు. నువ్వు నేర్పు. రోజూ పొద్దున్నే వచ్చి. ఇంకోటి, ఈసారి ఆ గువ్వల కాగితం వస్తే నన్ను తీసుకుపోకుండా రాయమాక."

రెండింటికీ ఒప్పుకున్నాను. తొలకరికి ఎద్దు ఎడమవైపు నడవడం నేర్చుకుంది. నాలుగెకరాలూ ఆయన చేతిలోనే ఉన్నాయి. గట్టు మీద జొన్న వేశాడు. ఆ సాళ్ళ మీద మందు పడనివ్వలేదు. చుట్టుపక్కల రైతులకు కూడా, కనీసం గట్టు జొన్న వదిలెయ్యండని తిరిగి చెప్పాను. నిన్న కొట్టమని, ఇవాళ వద్దంటావేందయ్యా అని నవ్వారు. విన్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

అంతకుముందు మూడేళ్ళ ఫారాలు తప్పని ఆఫీసుకు రాసి ఇచ్చాను. పై అధికారి చదివి, కళ్ళజోడు తీసి నా వైపు చూశాడు. "అవి ఎప్పుడో పైకి పోయాయి. ఇప్పుడు వెనక్కి రమ్మంటే వస్తాయా? ఊరుకోండి, ఇంకెక్కడా అనకండి" అన్నాడు. నా ఎనిమిది ఊళ్ళ విస్తారం ఏ పటంలో, ఏ రంగులో కలిసిందో నాకు తెలియదు. గ్రంథాలయంలో ఆ పేజీ మీద వేలు పెట్టి నేను వెతికింది దానికోసమే.

ఐదో చలికాలం ఫారం వచ్చింది. మార్గశిరంలో నేనూ పెద్దయ్యా బయల్దేరాం. ఏడు ఊళ్ళు తిరిగాం, ఒక్కటి లేదు. ఆయన ప్రతి చోటా చేతులు చరిచేవాడు. ఊరి గువ్వలు, పిచ్చుకలు లేచేవి. ఆయన ముందుకు నడిచేవాడు. మేముండే ఊరు ఆఖరికి మిగిలింది. సొంత చేను దగ్గరికి వెళ్ళడానికి ఆయనకు భయమేసినట్టుంది, చుట్టూ తిప్పి వాగు వైపు నుంచి తీసుకుపోయాడు.

వాగు ఒడ్డు తుమ్మచెట్టు మీద కొన్ని ఉన్నాయి. తుప్పురంగు వీపులు ఎండకు తిరిగి ఉన్నాయి. ఈసారి ఆయన చేతులు చరచలేదు. నా భుజం పట్టుకుని కిందికి వంచాడు. ఇద్దరం గట్టు చాటున గొంతుక్కూర్చున్నాం. కాసేపటికి అవి ఒక్కొక్కటే దిగి రెండు సాళ్ళ జొన్నలోకి, అక్కడి నుంచి కళ్ళంలోకి నడిచాయి.

"ఎన్ని?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏడు."

"మళ్ళీ లెక్కపెట్టు."

మళ్ళీ లెక్కపెట్టాను. ఏడే. ఫారం తీసి ఆయన ముందే రాశాను. విస్తారం, మధ్యస్థం కొట్టేశాను. అరుదు దగ్గర టిక్కు పెట్టి, పక్కన ఖాళీలో ఏడు, ఒక్క ఊళ్ళో, అని రాశాను. చదవమన్నాడు. చదివాను. ఇంకోసారి చదవమన్నాడు.

కళ్ళంలో ఆ ఏటి తొలికోత కుప్ప చాపల కింద ఉంది. పొద్దు వాలేదాకా గువ్వలు దాని చుట్టూ మేస్తూనే ఉన్నాయి. పెద్దయ్య లేచి పంచె దులుపుకుని తూర్పున ఆకాశం చూశాడు, మళ్ళీ గువ్వల్ని చూశాడు.

"రేపు పొద్దున ఆరబోస్తన్నా" అన్నాడు. "నువ్వు చెప్పావని కాదు. నేను చూశా."

మర్నాడు తట్టలు మోయడానికి నేనూ వెళ్ళాను. పెద్దమ్మ నాతో మాట్లాడలేదు గానీ, తల మీద పెట్టుకోమని ఒక చుట్టకుదురు నా ముందుకు విసిరింది.